ఎం.డి. గారి దగ్గరాట

గోనె సంచుల ధర పడిపోయిన ఏడాది మా సంస్థ తీసుకున్న మొదటి చర్య గోల్ఫ్ ఆడటం. ఇందులో నవ్వడానికేమీ లేదు. రాష్ట్ర గోనె సంచుల అభివృద్ధి సంస్థ మేనేజింగ్ డైరెక్టరు త్రయంబకరావు గారు ఏదో చల్లటి ఊళ్లో నాయకత్వ శిక్షణకి వెళ్లి, దేశంలో పెద్ద నిర్ణయాలన్నీ పచ్చిక మీద జరుగుతాయనీ, ఆఫీసుల్లో జరిగేవి ఒట్టి సంతకాలేననీ తెలుసుకుని వచ్చారు. వచ్చీ రాగానే విజయవాడ హెడ్డాఫీసు వెనక గోగునార ఆరబెట్టే మైదానాన్ని చదును చేయించి, గడ్డి పెంచి, గుంటలు తవ్వించారు. మరి నార ఎక్కడ ఆరబెట్టాలండీ అని ఎవరో అమాయకుడు అడిగితే, ధర లేని సరుకు ఆరితే ఎంత, ఆరకపోతే ఎంత అన్నారు. 

నేను సన్యాసిరావుని. పరిపాలన విభాగంలో సూపరింటెండెంటుని. నా భార్య హైమావతి పాలకొండ జూనియర్ కాలేజీలో లెక్చరరు. పెళ్లయిన దగ్గర్నుంచీ నాకిక్కడ మెస్సు భోజనం, తనకక్కడ ఒంటరి కాపురం. నా పేరు విన్నవాళ్లు ఈ సంగతి కూడా విన్నాక, మీ అమ్మానాన్నలకి ముందుచూపు ఎక్కువండీ అని నవ్వుతారు. ఆ నవ్వు వింటే నాకు ఒళ్లు మండిపోతుంది.

పాలకొండలో మా సంస్థకి గోగునార కొనుగోలు కేంద్రం ఒకటుంది. అందులో నా హోదా పోస్టు ఏళ్ల తరబడి ఖాళీ. హెడ్డాఫీసులో ఎవడిమీదైనా కోపం వస్తే పాలకొండకి వేసేస్తామని బెదిరిస్తారు. ఆ మాటకి మీసాలున్నవాళ్లు కూడా కళ్లనీళ్లు పెట్టుకుంటారు. అలాంటి ఊరికి నన్ను వెయ్యండి మహాప్రభో, భార్యాభర్తల కోటా ఉంది కదా అని నేను దరఖాస్తు పెట్టుకున్నాను. ఫైలు అందరి బల్లలూ దాటి ఎం.డి. గారి బల్ల ఎక్కింది. ఇక కావలసింది ఒక్క సంతకం. సరిగ్గా అక్కడే దానికి దగ్గరాట అడ్డొచ్చింది.

దగ్గరాట అంటే మేం పెట్టుకున్న పేరు. తెలిసినవాళ్లు షార్ట్ గేమ్ అంటారట. గోల్ఫులో బంతిని ముందు దూరంగా కొట్టాలి, తరవాత గుంట దగ్గర నెమ్మదిగా తోసి అందులో వెయ్యాలి. త్రయంబకరావు గారు దూరం కొట్టడంలో మహా ఘటికులు. దెబ్బ పడిందంటే బంతి గోడౌను కప్పు మీదుగా లేచి, ఎక్కడో గుంటలో పాతిన జెండా పక్కన దిగేది. మేమంతా చప్పట్లు కొట్టేవాళ్లం. ఆ తరవాత మొదలయ్యేది మా ఖర్మ. గుంట ఎదురుగానే ఉంటుంది, నోరు తెరుచుకుని. సారు తోస్తారు. బంతి కుడివైపు పోతుంది. అక్కణ్నుంచి తోస్తారు. ఎడమవైపు పోతుంది. చంటిపిల్లాడు అన్నం ముద్ద వద్దని తల తిప్పుకున్నట్టే ఉండేది ఆ గుంట వరస. ఆట బాగుంటే సారు పైకొచ్చి ఫైళ్ల మీద సంతకాలు పెట్టేవారు. బాగోకపోతే ‘చర్చించండి’ అని రాసేవారు. గుంట దగ్గర ఏనాడూ బాగోలేదు కాబట్టి, హెడ్డాఫీసులో ఫైళ్లన్నీ చర్చించబడుతూనే ఉన్నాయి.

“సంతకం పెట్టీసేరా?” అని హైమావతి ఫోన్లో అడిగేది.

“లేదు. బంతి పళ్లేదు.”

“నా కాపరానికీ ఆయన బంతికీ సంబంధమేటండి?”



లోపం ఎక్కడుందో కనిపెట్టడానికి జనరల్ మేనేజరు ధర్మలింగం గారు సమావేశం పెట్టారు. ధర్మలింగం గారు కాఫీ అడిగినా ప్రభుత్వ ఉత్తర్వులాగే ఉంటుంది. “సదరు లోపం సారులో ఉండుటకు అవకాశం లేదు. గడ్డిలో లేదు, అది సారు స్వయంగా ఎంపిక చేసినది. గుంటలో లేదు, అది సారు స్వయంగా చూపించిన చోట తవ్వినది. కాబట్టి లోపం కర్రలో ఉన్నట్టు నిర్ధారించడమైనది” అన్నారు. అందరం ఊపిరి పీల్చుకున్నాం.

తరవాత ఆయన కళ్లద్దాలు సర్దుకుని ఎక్కడో చదివి వచ్చింది చెప్పారు. గోల్ఫులో క్షమించే కర్రలని ఉంటాయట. వాటి ముఖం వెడల్పు, బరువంతా అంచులకి సర్ది ఉంటుంది. బంతి తగలాల్సిన చోట తగలకపోయినా, చెయ్యి కాస్త వంకరపోయినా, కర్రే సర్దుకుపోయి బంతిని దార్లో పెడుతుందట. దగ్గరాట దెబ్బతిన్నవాళ్లకి అవి వరప్రసాదమట.

“అయితే ఇంకేం సార్” అంది కొనుగోళ్ల విభాగం చూసే సువార్తమ్మ. గుంటూరు మనిషి, నాన్చుడు తెలీదు. “నాలుగు కంపెనీల కర్రలు తెప్పిద్దాం. సారు కొట్టి చూసుకుంటారు. ఏది బాగుంటే అది కొనేద్దాం.”

ధర్మలింగం గారు ఆమె వంక జాలిగా చూశారు. “అమ్మా, కర్ర క్షమిస్తోందో లేదో తెలియాలంటే ముందు తప్పు దెబ్బ పడాలి కదా. సారు కొడితే అది తప్పు దెబ్బ ఎలా అవుతుంది?”



“పోనీ బాగా ఆడేవాణ్ని పిలిపించి కొట్టిస్తే?” అన్నాడు ఇంకెవరో.

“బాగా ఆడేవాడు కొడితే కర్రకి క్షమించే అవకాశమే రాదు. ఆడిట్‌వారు ఊరుకుంటారా? మనకి కావలసింది ప్రామాణికమైన తప్పు. నికరమైన, నమ్మదగిన, ఎప్పుడడిగితే అప్పుడు చేసిచూపించగల తప్పు. అటువంటి తప్పు చేయగల ఉద్యోగిని సంస్థలోనే అన్వేషించాలి.”

సర్క్యులర్ వెళ్లింది. ప్రామాణిక తప్పుల అధికారి పదవికి అర్హులైనవారు మైదానంలో హాజరు కావలెను. ఇంక చూడాలి నా సామిరంగా! ఎం.డి. గారి దగ్గర ఫైలు ఇరుక్కున్న ప్రతివాడూ కర్ర పట్టుకుని క్యూలో నిలబడ్డాడు. ఎకౌంట్స్ ఆఫీసరు కావాలని బంతిని క్యాంటీన్లోకి కొట్టాడు. లా ఆఫీసరు బంతిని వదిలేసి తన బూటుని కొట్టుకున్నాడు. ధర్మలింగం గారు ఇద్దర్నీ తిప్పి పంపేశారు. “మీ తప్పులో ముందస్తు ఆలోచన కనిపిస్తోంది. తప్పు మనస్ఫూర్తిగా జరగాలి” అన్నారు.

నేను పోటీకి వెళ్లలేదు. నా ఫైలు ఏమైందో అడుగుదామని మైదానంలోకి వెళ్లానంతే. ధర్మలింగం గారు నా మాట వినకుండానే చేతిలో కర్ర పెట్టి, కొట్టవయ్యా అన్నారు. నేను పుట్టి బుద్ధెరిగి గోల్ఫ్ కర్ర పట్టుకోలేదు. బాగా కొడితే సంతోషిస్తారేమో, సంతకం పడుతుందేమో అని మనసులో సింహాద్రి అప్పన్నకి దణ్ణం పెట్టుకుని, పళ్లు బిగబట్టి ఊపాను. అరచెయ్యంత గడ్డి పెళ్ల లేచి ధర్మలింగం గారి భుజం మీద కూర్చుంది. బంతి కదల్లేదు. సిగ్గేసి మళ్లీ ఊపాను. ఈసారి బంతి కదిలింది గాని ముందుకి కాదు. నా కాళ్ల సందులోంచి వెనక్కి దూసుకుపోయి, చెట్టు కింద భోజనం విప్పుకుంటున్న సువార్తమ్మ క్యారేజీలో బుడుంగుమని పడింది.

“ఏందయ్యా ఇది! నా గోంగూర పులుసు!” అని ఆమె కేక.

ధర్మలింగం గారు భుజం మీది పెళ్ల దులుపుకోలేదు. నా చెయ్యి పట్టుకున్నారు.  “సన్యాసిరావు, ఇంత నిర్మలమైన తప్పు నా సర్వీసులో చూళ్లేదయ్యా” అన్నారు.

అలా నేను ప్రామాణిక తప్పుల అధికారినయ్యాను. ఒక గొడుగు, ఒక కుర్చీ, నా పేరు రాసిన బోర్డు ఇచ్చారు. కర్రల పరీక్షకి వేసిన కమిటీ పని కాగానే నీ బదిలీ సంగతి నా మీద పెట్టు అని ధర్మలింగం గారు మాటిచ్చారు. నేను సంబరపడిపోయి హైమావతికి ఫోను చేశాను.

“ఏటీ, తప్పులు చెయ్యడానికి జీతమిస్తారా?” అంది. “మరయితే ఇంటికొచ్చినప్పుడల్లా ఉత్తినే చేసీసేరు గదా! పోనీలెండి. బేగి ముగించీసి వచ్చీయండి.”

బేగి ముగియడమా! నాలుగు కంపెనీల కర్రలు వచ్చాయి. పొద్దున్నే నేను కొట్టేవాణ్ని, కమిటీ చూసేది. నా దెబ్బకి బంతి వంకరగా పోతే, ఈ కర్రకి క్షమించే గుణం లేదు, పనికిరాదు అనేవారు. పొరపాట్న తిన్నగా పోతే, కర్ర క్షమించిందా, లేక సన్యాసిరావు తప్పు చెయ్యడంలో అలసత్వం చూపించాడా అని అనుమానం వచ్చేది. అనుమానం వచ్చాక మళ్లీ కొట్టాలి. మళ్లీ కొడితే మళ్లీ వంకర. వంకరపోతే కర్ర పనికిరాదు. కమిటీలో ఒక్కరు కూడా బుర్ర తక్కువవాళ్లు కారు, ఒక్కొక్కరి మాటా విడిగా వింటే సబబే. అన్నీ కలిపి వింటే మాత్రం తలకాయ తిరిగేది.

ఈలోగా ఇంకో ఉత్తర్వు వచ్చింది. సదరు శ్రీ సన్యాసిరావు తప్పులు సంస్థకు అనివార్యమైనందున, పరీక్షలు ముగియువరకు అతని బదిలీ అభ్యర్థనను నిలుపుదల చేయడమైనది. నేను ఆ కాగితం పట్టుకుని గొడుగు కింద కూలబడ్డాను. నాకు నిజంగా ఏడుపొచ్చింది. ఏ పనీ చేతగానివాడికి ఆఫీసులో ఎప్పుడూ ఢోకా లేదని తెలుసుగాని, చేతగానితనం కాలికి గొలుసు అవుతుందని నాకేం తెలుసు?

ఎండాకాలం పోయి వానలొచ్చాయి. నేను కొడుతూనే ఉన్నాను. ఇక్కడొక దుర్ఘటన జరిగింది. రోజూ అదే పని చేస్తే ఎవడికైనా చెయ్యి కుదురుతుంది కదా. నాకూ కుదరడం మొదలెట్టింది. మొదట్లో నేను గమనించలేదు. గమనించాక భయమేసింది. ఏ కర్ర ఇచ్చినా బంతి బుద్ధిగా పోయి గుంట ఒడ్డున కూర్చునేది. కొన్నిసార్లు టుప్పుమని పడిపోయేది కూడా. నేను దగ్గు నటించి ఎవరూ చూడకుండా తీసేవాణ్ని.

దాస్తే దాగుతుందా? మెమో వచ్చింది. ‘మీ పనితీరులో ఇటీవల తీవ్రమైన మెరుగుదల చోటుచేసుకున్నట్లు కమిటీ దృష్టికి వచ్చినది. ఏ గుణము చూసి మిమ్ములను ఈ పదవికి ఎంపిక చేయడమైనదో, ఆ గుణమును మీరు నిర్లక్ష్యముతో పోగొట్టుకున్నట్లు భావించవలసి వచ్చుచున్నది. మీపై క్రమశిక్షణ చర్య ఎందుకు తీసుకోరాదో ఇందుమూలముగా తెలియజేయవలెను.’

సువార్తమ్మ ఆ మెమో చదివి పొట్ట పట్టుకుని నవ్వింది. గోంగూర సంగతి ఎప్పుడో క్షమించేసింది, మంచి మనిషి.

“ఏమయ్యా, దీనికింత దిగులేంది? క్రమశిక్షణ చర్య అంటే మన ఆఫీసులో ఏం చేస్తారు?”

“పాలకొండకి వేస్తారు.”

“నువ్వెక్కడికి పోవాలని ఏడుస్తున్నావు?”

నేను ఆమె మొహం చూశాను. ఆమె క్యారేజీ మూత పెట్టుకుంటూ, “బాగా ఆడి చావవయ్యా మరి!” అంది.

ఆ రోజు నుంచి నేను మనసు పెట్టి ఆడాను. కమిటీ ఎదుట నిలబడి, దగ్గర నుంచి, దూరం నుంచి, గడ్డి ఏపుగా ఉన్న చోటు నుంచి, వానకి బురదైన చోటు నుంచి, ఎక్కణ్నుంచి పెడితే అక్కణ్నుంచి గుంటలో వేశాను. బంతి పడ్డ ప్రతిసారీ ధర్మలింగం గారి మొహం నల్లబడేది.

“ఏం పోగాలమయ్యా నీకు! ఇంత నమ్మితే ఇదా నువ్వు చేసేది?”

“ఎంత ప్రయత్నించినా తప్పు రావట్లేదు సార్.”

“సన్యాసిరావు, చివరిసారి హెచ్చరిస్తున్నాను. నిన్ను పాలకొండకి వేయవలసి వస్తుంది.”

“అయ్యో సార్! పాలకొండకి మాత్రం వద్దు సార్! మీ కాళ్లు పట్టుకుంటాను!” అన్నాను. అంటూనే ఇంకో బంతి గుంటలోకి తోశాను.

ధర్మలింగం గారు మండిపడి, అక్కడికక్కడే బదిలీ ఉత్తర్వు టైపు చెయ్యమని కబురు పెట్టారు.  కాగితం వచ్చింది, ఎం.డి. గారి సంతకానికి కలం కూడా వచ్చింది. సరిగ్గా అప్పుడే త్రయంబకరావు గారు ఆటకని మైదానంలోకి వచ్చి, నేను ఆఖరి బంతిని గుంటలో వెయ్యడం కళ్లారా చూశారు.

“ఎవరితను?”

“తప్పుల అధికారి సార్. చెడిపోయాడు. పాలకొండకి పంపేస్తున్నాం.”

“ఆగవయ్యా. తప్పులు కొట్టడానికి పెట్టుకున్నవాడు ఇలా వేస్తున్నాడంటే అది ఎవరి గొప్ప? కర్రదే కదా! ఏదీ, ఆ కర్ర ఇలా ఇవ్వు.”

ఇచ్చాను. సారు నేను నిలబడ్డ చోటే నిలబడి, నేను పెట్టిన చోటే బంతి పెట్టి తోశారు. బంతి గుంట పక్కనుంచి వెళ్లి, పల్లం అందుకుని, మురిక్కాలవలో పడింది.  కర్ర అదే, చోటు అదే, గుంట అదే. మిగిలింది ఏమిటో చిన్నపిల్లాడు కూడా చెప్పగలడు. అక్కడ చిన్నపిల్లలు లేరు, అంతా అధికారులే.

ధర్మలింగం గారే ఆదుకున్నారు. “సార్, కర్ర సన్యాసిరావుకి అలవాటు పడిపోయింది. ఇంకొకరి చేతిలో క్షమించనంటోంది.”

సారు కర్ర నా చేతికి తిరిగిచ్చేశారు. “అయితే కర్రనీ మనిషినీ విడదియ్యకండి. దూరం కొట్టడం నేను చూసుకుంటాను. గుంట దగ్గర ఇతను చూసుకుంటాడు. మొత్తం ఆట నా పేర రాయండి. పని పంచుకోవడమే నాయకత్వం” అన్నారు. బదిలీ కాగితాన్ని మడిచి ధర్మలింగం గారు జేబులో పెట్టుకున్నారు. నాకు దగ్గరాట ఇన్‌చార్జి అనే కొత్త పదవి వచ్చింది. కర్రల కొనుగోలు అవసరం లేదని కమిటీ తేల్చి, తన కృషికి తనే అభినందనలు తెలుపుకుంది. క్షమించే కర్రల కథ అలా ముగిసింది. నా కథే ముగియలేదు.

“వేసీయడం మానీసేరా, మిమ్మల్ని?” అంది హైమావతి.

“గుంటలో వేస్తున్నాను కదా, అందుకని నన్ను వెయ్యట్లేదు.”

“మీరేటి మాట్లాడుతున్నారో నాకేటీ తెలీట్లేదండి. ఇంటికొచ్చీయండి చాలు” అంది. ఎప్పుడూ నవ్వే మనిషి ఆ రోజు నవ్వలేదు. ఫోను పెట్టేశాక నాకు అన్నం సహించలేదు.

చలికాలంలో సంస్థల మధ్య గోల్ఫ్ పోటీ వచ్చింది. ఫైనల్లో మాకు ఎదురుపడింది తేనె, మైనం ఉత్పత్తుల సంస్థ. వాళ్ల ఎం.డి. గారిది మా సారుకి తిరగేసిన రోగం. గుంట దగ్గర బాగానే వేస్తారు, దూరం కొట్టడం రాదు. అందుకని వాళ్లు దూరం కొట్టడానికి ఒక డిప్యూటీ మేనేజరుని పెట్టుకున్నారు. ఆయన కొడితే మా సారు మెచ్చుకున్నారు, నేను తోస్తే వాళ్ల సారు మెచ్చుకున్నారు. ఇద్దరు ఎం.డి.లకీ చెరోవైపు గొడుగులు, మజ్జిగ, కూర్చోడానికి కుర్చీలు.

ఆఖరి గుంట దగ్గరికి వచ్చేసరికి ఆట సమానంగా ఉంది. మా బంతి గుంటకి మూరెడు దూరంలో ఆగింది. అది పడితే కప్పు మాది. నేను కర్ర పట్టుకుని వంగాను. వంగినవాణ్ని లేచి నిలబడ్డాను.

“ఏమయ్యా?” అన్నారు సారు.

“చెయ్యి వణుకుతోంది సార్.”

“ఎందుకు?”

“మా ఆవిడ గుర్తొస్తోంది సార్. బంతి చూస్తే పాలకొండ కనిపిస్తోంది.”

అవతలివాళ్లు చూస్తున్నారు. ఫోటోలవాళ్లు చూస్తున్నారు. సారు నన్ను చూశారు, గుంటని చూశారు. గుంట దగ్గర తను కర్ర పట్టుకుంటే ఏమవుతుందో ఆయనకి తెలుసని నాకు ఆ క్షణంలో తెలిసింది. “ధర్మలింగం, ఆ కాగితం” అన్నారు. జేబులోంచి నలిగిన ఉత్తర్వు బయటికొచ్చింది. ధర్మలింగం గారు వంగారు. ఆయన వీపు మీద పెట్టి సారు సంతకం చేశారు. నేను తోశాను. పడింది.

ఆ సాయంత్రం నేను బస్సు టికెట్టు కొనుక్కున్నాను. హైమావతి ఫోన్లో ఒక్కసారి కేకేసి, పక్కింటివాళ్లకి చెప్పి, మళ్లీ ఫోనందుకుని, “వంకాయ కూర చెయ్యనా, చేపల పులుసు చెయ్యనా?” అంది. రెండూ చెయ్యమన్నాను. మర్నాడు ఆఫీసులో రిలీవింగు కాగితం కోసం వెళ్తే ధర్మలింగం గారు రెండు ఉత్తర్వులు చేతిలో పెట్టారు. మొదటిది, నన్ను పాలకొండకి బదిలీ చేయడమైనది. రెండోది, పాలకొండ సూపరింటెండెంటు శ్రీ సన్యాసిరావు సేవలను ప్రజాప్రయోజనం దృష్ట్యా హెడ్డాఫీసులోనే వినియోగించుకొనడమైనది.

“అభినందనలయ్యా” అన్నారు. “నీ పేరు పాలకొండ హాజరుపట్టీలో ఉంటుంది. మనిషివి ఇక్కడుంటావు. నీ కోరికా తీరింది, సంస్థ అవసరమూ తీరింది. ఒకేసారి రెండుచోట్ల ఉద్యోగం ఎవరికి దక్కుతుంది చెప్పు!”

టికెట్టు జేబులో ఉంది. ఫోను చేశాను. రెండు ఉత్తర్వులూ హైమావతికి చదివి వినిపించాను.

“అంటే కాగితం మీద వచ్చీసేరన్నమాట” అంది చివరికి.

“ఊఁ.”

“మంచిది. కాగితం మీద అన్నం కూడా వండీసేను. వంకాయ కూర, చేపల పులుసు. తినీయండి.”

ఫోను పెట్టేసింది. నేను మెట్ల మీద అలాగే కూర్చున్నాను. ఎవరిమీద కోప్పడాలో కూడా తెలియనంత కోపం వచ్చింది. ఆ కోపంలోంచే, ఏడాదంతా నా బుర్రకి తట్టని ఆలోచన తట్టింది. తిన్నగా మైదానంలోకి వెళ్లాను. సారు ఒంటరిగా కప్పుని తుడుచుకుంటున్నారు.

“సార్, దగ్గరాటలో నేను కర్ర పట్టుకుంటే బంతి పడుతుందా, పడదా?”

“పడుతుంది. అనుమానమేముంది?”

“పడేదే అయినప్పుడు కొట్టడం దేనికి సార్? ఆటలోనే ఆ మర్యాద ఉంది కదా. గుంటకి మరీ దగ్గరగా ఉంటే అవతలివాళ్లు పడినట్టేలే అనేస్తారు. మీరు దూరం కొట్టండి. బంతి దగ్గరికి రాగానే పాలకొండకి ఫోను చెయ్యండి. నేను అక్కణ్నుంచే పడిందని చెప్పేస్తాను. మీరు రాసేసుకోండి. ఇప్పుడు పేరు అక్కడా, మనిషి ఇక్కడా ఉన్నాం. పేరుతో పాటు మనిషి కూడా అక్కడుంటే, సేవలు ఫోన్లో ఇక్కడికొస్తాయి. ఏ ఉత్తర్వూ మార్చక్కర్లేదు.”

త్రయంబకరావు గారు చుట్టూ చూసి, గొంతు తగ్గించారు. “నిజం చెప్పనా సన్యాసిరావు? నువ్వు నా కళ్లెదురుగా ఒక్క తోపుకి వేసేస్తుంటే నాకు చచ్చేంత చిన్నతనంగా ఉండేదయ్యా” అన్నారు. ఆయన మీద నాకు మొదటిసారి జాలేసింది. ఏడాదంతా ఆయన సంతకం కోసం మేం పడ్డ పాట్లు గుర్తొచ్చి, ఆ జాలి వెంటనే తగ్గిపోయింది కూడా.

ధర్మలింగం గారు దానికి దూర ముగింపు విధానమని పేరు పెట్టి, సర్క్యులర్ వేశారు. నేను అదే టికెట్టు మీద పాలకొండ వచ్చాను. ఇప్పుడు పొద్దున్నే మా ఇంట్లో దోసెలు కాలుతూ ఉంటాయి, ఫోను మోగుతుంది. నేను ఎంత దూరం సార్ అని అడుగుతాను, సారు చెబుతారు, నేను కాసేపు ఆగి, పడింది సార్ అంటాను. ఆ కాసేపు ఆగడం నైపుణ్యం కింద వస్తుంది. రాష్ట్రంలో గోల్ఫ్ ఆడే ఎం.డి.లు అందరిలోకీ దగ్గరాటలో మా సారే మొదట ఉన్నారట. అవతలి సంస్థలవాళ్లు కూడా ఫోన్లు కొనుక్కుంటున్నారట. హెడ్డాఫీసులో ఫైళ్ల మీద టకటకా సంతకాలు పడుతున్నాయని, ఎవరూ చదవట్లేదని సువార్తమ్మ చెప్పింది.

నిన్న ఫోను మోగేసరికి నేను స్నానాల గదిలో ఉన్నాను. ఒంటినిండా సబ్బు. వచ్చేస్తున్నా, వచ్చేస్తున్నా అని అరుస్తూనే ఉన్నాను. ఈలోగా హైమావతి చేతిలో అట్లకాడతోనే ఫోనెత్తింది.

“పడిపోయిందండి” అని చెప్పి పెట్టేసింది.

ఎంత దూరమో కూడా అడగలేదు. మధ్యాహ్నం ధర్మలింగం గారు ఫోను చేశారు. ఇంకో మెమో అనుకుంటూ ఎత్తాను. “సన్యాసిరావు, నీ ఆట ఇవాళ చాలా మెరుగుపడిందయ్యా, ఆట ఆలస్యమవుతుందని చెప్పడానికి సారు ఫోను చేస్తే, ఇంకా బంతి కొట్టకుండానే వేసేశావు” అన్నారు.